పడేయడం నేర్చుకున్న డాక్టరమ్మ

ఇరవై రెండేళ్లు నేను కెనడాలో ఒక కాసినోలో పేకలు పంచాను. మనవాళ్ల ఫంక్షన్లలో ఈ మాట చెబితే పక్కనున్నావిడ కుర్చీ కాస్త అటు జరుపుకునేది. ఆవిడ భర్త మాత్రం భోజనాల దగ్గర మెల్లగా నా పక్కకు చేరి, పోకర్‌లో గెలిచే ఉపాయం ఏదైనా ఉందా అని గొంతు తగ్గించి అడిగేవాడు. ఉంది. కానీ అది చేతిలో ప్లేటు పట్టుకుని నిలబడి చెప్పేది కాదు. అందుకే ఇప్పుడు తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

రాయడానికి ఇంకో కారణం కూడా ఉంది. రిటైరయ్యే ముందు ఆఖరి మూడేళ్లు కొత్త డీలర్లకు నేనే క్లాసులు చెప్పాను. స్టూడెంట్ వీసాల మీద మన పిల్లలు విమానాలకు విమానాలు దిగుతున్న రోజులవి. క్లాసులో పన్నెండు మంది ఉంటే ఐదారుగురు కరీంనగర్ వాళ్లో, నెల్లూరు వాళ్లో ఉండేవారు. దగ్గర్లోని కేంబ్రిడ్జ్ ఊళ్లో వేర్‌హౌస్‌లో పెట్టెలు మోసి నడుం పట్టేసినవాళ్లు, ఇది కూర్చుని చేసే పని కదా అని అప్లై చేసేవారు. మొదటి రోజే "ఆంటీ, టిప్స్ ఎట్లుంటయి?" అని అడిగేవారు. టిప్స్ బాగానే ఉంటాయి నాన్నా. ఉద్యోగం అసలు ఏమిటో మాత్రం ఆరు వారాల క్లాసులో నేను చెప్పలేకపోయాను. ఒక డాక్టరమ్మ కథ చెబితే అదంతా వచ్చేస్తుంది. ఆవిడ రెండేళ్లు ఓడిపోయింది, తర్వాత గెలిచింది. మధ్యలో నేను చేసిన తప్పు ఒకటుంది. దాన్నీ దాచను.

డీలర్ పని

ముందు ఆట సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. ఒక్కొక్కరి చేతికి రెండు పేకలు. బల్ల మధ్యలో అందరికీ ఉమ్మడిగా ఐదు పేకలు, విడతలవారీగా తెరుస్తాం. చేతిలోవీ మధ్యలోవీ కలిపి పెద్ద జతో, ఒకే గుర్తున్న ఐదు పేకలో కుదిరినవాళ్లది గెలుపు. ప్రతి విడతకూ పందెం ఉంటుంది. ఆ పందెం పెట్టి ఉండనన్నా ఉండాలి, లేదంటే పేకలు బోర్లించి పడేయాలి. అందరూ పడేస్తే మిగిలినవాడు ఏమీ లేకపోయినా గెలుస్తాడు. అంతే ఆట.

ఇందులో డీలర్ పంచుతుంది, పందెం ఎంతో పైకి చెబుతుంది, డబ్బుకు బదులు వాడే బిళ్లలు, అంటే చిప్స్, గెలిచినవాళ్ల ముందుకు నెడుతుంది. అరగంటకోసారి బల్ల మారాలి. లేచే ముందు రెండు అరచేతులూ దులిపి, తిరగేసి, పైనున్న కెమెరాకు చూపించాలి. చేతుల్లో ఏమీ లేదని దానర్థం. ఈ చేతులు చూపించడం పిల్లలు రెండు రోజుల్లో నేర్చుకుంటారు. ముఖంలో ఏమీ లేకుండా కూర్చోవడం నేర్చుకోవడానికి నాకు ఆరేళ్లు పట్టింది. నోట్లో ఏమీ లేకుండా కూర్చోవడం ఇంకా ఆలస్యంగా వచ్చింది.

నేను తెనాలి దాన్ని. మా ఇంట్లో ఆడవాళ్లందరూ మధ్యాహ్నం పూట చాప వేసుకుని రమ్మీ ఆడేవారు, నేను వాళ్ల మధ్యలో పెరిగాను. ఊరుకోవడం నా ఒంట్లో లేదు.

మనవాళ్లు ఎందుకు ఓడతారు

కొత్తవాళ్లు అందరూ ఓడతారు, మనవాళ్లు ఇంకో రకంగా ఓడతారు. ఆ రకం నేను బల్ల ఇవతల నుంచి కొన్ని వందల సార్లు చూశాను.

మనకు రమ్మీ తెలుసు, పదమూడు పేకల ఆట. చెత్త పేక వచ్చినా ఒకటి తీసి ఒకటి పడేస్తూ పోతే ఏదో ఒక సీక్వెన్స్ కుదురుతుంది. పైగా మొదట్లోనే డ్రాప్ అంటే ఇరవై పాయింట్లు మీద పడతాయి. అందుకని చిన్నప్పటి నుంచి మనకు డ్రాప్ అంటే చిన్నతనం. పేకలు చేతికొస్తే ఆడాలి, అంతే. ఆ అలవాటుతో పోకర్ బల్ల దగ్గర కూర్చుంటే ఏమవుతుంది? ఏడూ రెండూ వచ్చినా ఉంటాడు. మధ్యలో మూడు పేకలు తెరిచాక ఏమీ కలవకపోయినా, ఇంకోటి వస్తుంది కదా అని ఉంటాడు. అదీ కలవకపోతే, ఇంతదాకా వచ్చాం కదా అని ఉంటాడు. పందేలన్నీ అయ్యాక ఎదుటివాడి పేకలు చూసి "అరే, ఒక్క పేకలో పోయింది" అంటాడు. ఒక్క పేకలో పోలేదు నాయనా, మొదటి రెండు పేకల్లోనే పోయింది.

వేర్‌హౌస్ జీతం పడిన రోజు ముగ్గురు నలుగురు స్టూడెంట్స్ కలిసి వచ్చేవారు. రెండు గంటల్లో అయిపోయేది. వాళ్ల విషయంలో నా అభిప్రాయం మొహమాటం లేకుండా చెబుతాను. వారం కష్టం పట్టుకొచ్చి నేర్చుకునే చోటు కాదది. గెలిచేవాళ్లు కొద్దిమంది, ఓడేవాళ్లు చాలామంది. పేకలు పడేయడం చేతకానివాడు అసలు బల్ల దగ్గరికే రాకూడదు. నన్ను ఇకపై రానివ్వకండి అని తనంతట తనే సంతకం పెట్టి ఇచ్చే కాగితం ఒకటి కాసినోలో ఉంటుంది. అది పెట్టినవాళ్లను నేను ఎప్పుడూ తక్కువగా చూడలేదు. డెస్క్ దాకా తోడు వెళ్లి, కూర్చోబెట్టి, మంచినీళ్లు ఇచ్చి వచ్చిన రోజులున్నాయి.

కానీ ఆ కాగితం డాక్టర్ రాజ్యలక్ష్మి గారి ముందు పెట్టినప్పుడు మాత్రం నా ప్రాణం ఉసూరుమంది. దానికి కారణం నేనే.

నేను నోరు జారిన రోజు

రాజ్యలక్ష్మి గారిది కాకినాడ. కెనడాలో ముప్ఫై ఏళ్లు మత్తు డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. భర్త పోయారు. కొడుకు కిరణ్ పది నిమిషాల దూరంలో ఉంటాడు, బ్యాంకులో పెద్ద ఉద్యోగం. సీనియర్ సిటిజన్ల బస్సులో ఒకసారి మా కాసినోకి వచ్చి, పోకర్ బల్ల చూసి అక్కడే ఆగిపోయారు. ఆ తర్వాత ప్రతి బుధవారం మధ్యాహ్నం ఒంటిగంటకు వచ్చి, ఐదింటికి వెళ్లిపోయేవారు. ఇస్త్రీ చేసిన కాటన్ చీర, దాని మీద స్వెటర్, బూట్లు. చిన్న పందేల బల్లలోనే కూర్చునేవారు. వచ్చిన ప్రతిసారీ ఓడిపోయేవారు.

డబ్బుకు ఆవిడకు ఇబ్బంది లేదు. నొప్పి వేరే చోట ఉండేది. ఆపరేషన్ థియేటర్లో అందరూ ఆవిడ మాట కోసం ఆగేవారు. ఇక్కడ ఆవిడ పేకలు చూడకుండానే అందరికీ తెలిసిపోయేది, ఆవిడ ఉంటుందని. ఆవిడ ఉంటే నవ్వుతూ పందెం పెంచేవారు. "గుడ్ ట్రై, డాక్" అని చిప్స్ లాక్కునేవారు. ఆవిడా నవ్వేవారు. ఆ నవ్వు చూస్తే నాకు ఒళ్లు మండిపోయేది.

అక్టోబరులో థ్యాంక్స్ గివింగ్ పండగ అయిన వారం. బల్ల మీద తొమ్మిది మంది. ఆవిడకు ఎదురుగా గ్యారీ ఉన్నాడు. రిటైరైన లారీ డ్రైవర్, ఓపికస్తుడు, గంటకు నాలుగు ఆటలు ఆడతాడు, వాటిలో మూడు గెలుస్తాడు. గంట నుంచి పేకలు పడేస్తూ కూర్చున్న ఆ మనిషి ఒక్కసారిగా పెద్ద పందెం పెట్టాడు. ఆయన దగ్గర గట్టి పేక ఉందని గోడకు కూడా తెలుసు. రాజ్యలక్ష్మి గారి చేయి చిప్స్ మీదికి వెళ్లింది. నేను పందెం లెక్క పైకి చెప్పి, అదే గొంతుతో, అదే వరుసలో, "పడెయ్యండి డాక్టరు గారూ" అనేశాను. తెలుగులో.

మా బల్ల మీద ఇంగ్లిష్ తప్ప ఇంకో భాష మాట్లాడకూడదు. ఆడేవాళ్లే మాట్లాడకూడదు, డీలర్ సంగతి చెప్పక్కర్లేదు. క్లాసులో మొదటి రోజు నేనే చెప్పే రూలు అది. ఆవిడ చేయి ఆగిపోయింది. నా వైపు చూసి, పేకలు పడేశారు. గ్యారీ చిప్స్ దగ్గరికి లాక్కోలేదు. నేను ఏమన్నానని అడిగాడు. నేను తడుముకోకుండా అబద్ధం చెప్పాను, ఆవిడ వంతు వచ్చిందని గుర్తు చేశానన్నాను. నా ముఖం చూసి నమ్మే మనిషి కాడు గ్యారీ. సూపర్‌వైజర్‌ను పిలవమన్నాడు.

డోనా

మా మేనేజర్ డోనా న్యూఫౌండ్‌లాండ్ మనిషి. నాకంటే పదేళ్లు చిన్నది. నేను చూసిన బాస్‌లలో నలుగురు అరిచేవారు, ఇద్దరు నవ్వుతూ గొంతు కోసేవారు. డోనా ఈ రెండూ చేసేది కాదు. గదిలో నన్నూ డాక్టరు గారినీ కూర్చోబెట్టి, ఏం జరిగిందో ముందు నన్నే అడిగింది. నేను నిజం చెప్పేశాను. పాపం అనిపించి అన్నానని, రెండేళ్లుగా ఆవిడ ఓడిపోవడం చూడలేక అన్నానని కూడా చెప్పాను.

డోనా అంతా విని ఒక్కటే మాట అంది. "నీ జాలికి ఖరీదు గ్యారీ కట్టాడు, సూ. నువ్వు కట్టలేదు." సుశీల అనే నా పేరు అక్కడ సూ అయిపోయింది.

నాకు తల తీసేసినట్టయింది. అప్పటిదాకా నేను చేసింది మంచిపనే, రూలు మాత్రమే తప్పు అనుకుంటున్నాను. ఆ మనిషి గంటసేపు ఓపిగ్గా కూర్చుని సంపాదించుకున్న అవకాశాన్ని నేను ఒక ముక్క తెలుగుతో లాగేసుకున్నాను. కొత్తగా ఉద్యోగంలోకి వచ్చే పిల్లలూ, ఈ ఒక్క వాక్యం రాసి పెట్టుకోండి. మన భాష మాట్లాడే మనిషి బల్ల దగ్గర కూర్చోగానే మీ నాలుక దురద పెడుతుంది. ఆ దురదను ఎదుటి కుర్చీలో ఉన్నవాడు భరించాల్సి వస్తుంది.

వారం రోజులు సస్పెండ్ చేసింది. ఇంకోసారి జరిగితే లైసెన్స్ పోతుందని చెప్పింది. నాకు బాధ కలిగించింది అది కాదు. రాజ్యలక్ష్మి గారు నా వైపు తిరిగి, చాలా నెమ్మదిగా, "నేనంత చేతకానిదాన్నా సుశీలా? నా పేక నువ్వు పడేయించాలా?" అన్నారు. అప్పుడే తలుపు దగ్గర కిరణ్ నిలబడి ఉన్నాడు. ఆ రోజు జోరు వాన పడుతోందని తల్లిని ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాడట. రెండేళ్లుగా ఓడిపోవడం అన్న నా మాట వినేశాడు. తల్లి అప్పుడప్పుడూ సరదాగా వెళ్తోందనే ఆ అబ్బాయికి అప్పటిదాకా తెలుసు.

డోనాను అడిగి అక్కడికక్కడే ఆ సంతకాల కాగితం తీసుకున్నాడు. తల్లి మీద ప్రేమ లేక కాదు. నేనైనా అదే చేసేదాన్నేమో. కానీ కాగితం బల్ల మీద పెట్టి "సైన్ ఇట్, మామ్" అన్నప్పుడు ఆవిడ ముఖం చూశాను. బుధవారాలు పోతాయన్న దిగులు కాదది. తన గురించి తను తీర్పు చెప్పుకునే హక్కు పోతోందన్న అవమానం అది.

ఆవిడ సంతకం పెట్టలేదు. గోడ మీద పోస్టర్ చూపించారు. ఫిబ్రవరిలో ఫ్యామిలీ డే సెలవు రోజు మధ్యాహ్నం టోర్నమెంట్, ఎనభై మంది ఆడతారు. ఆఖరి బల్లకు తొమ్మిది మందే మిగులుతారు. "ఆ తొమ్మిదిలో నేను లేకపోతే అక్కడే సంతకం పెడతాను. ఉంటే నువ్వు మళ్లీ ఆ మాట ఎత్తకూడదు" అన్నారు. కిరణ్ క్షణం ఆలోచించి "ఓకే, డీల్" అన్నాడు. వాడికేం భయం? ఆవిడ మొదటి గంట దాటదని నాకూ అనిపించింది.

శ్రావణి

సస్పెన్షన్ అయ్యాక మొదటి పనిగా గ్యారీ దగ్గరికి వెళ్లి, ఆ రోజు నేను అబద్ధం చెప్పానని చెప్పి క్షమాపణ అడిగాను. ఆయన టోపీ సర్దుకుని, చేతులు మంచివే, నోరే చూసుకో అన్నాడు. ఆ చలికాలమంతా నేను రాజ్యలక్ష్మి గారితో గుడ్ ఆఫ్టర్‌నూన్ తప్ప ఇంకో మాట మాట్లాడలేదు. ఆవిడా మాట్లాడలేదు. మాట్లాడకూడదు కూడా.

అందుకని తర్వాత చెప్పబోయేది నేను కళ్లతో చూసింది కాదు. నేను రిటైరయ్యాక డాక్టరు గారూ, ఆవిడ ఇంట్లో అద్దెకున్న అమ్మాయీ టీ తాగుతూ చెప్పారు.

డాక్టరు గారి ఇంట్లో బేస్‌మెంట్ గదిలో శ్రావణి అనే నిజామాబాద్ అమ్మాయి అద్దెకుండేది. కాలేజీలో సప్లై చైన్ చదువు, వారంలో మూడు రోజులు వేర్‌హౌస్ పని. ఆ పిల్లకు పోకర్ తెలియదు. రమ్మీ మాత్రం వాళ్ల చిన్నాన్నల దగ్గర నేర్చింది, లెక్కలో దిట్ట. ఆవిడ సంగతి విని, బస్సులో వస్తూ పోతూ ఫోన్‌లో వీడియోలు చూసి ఆట నేర్చుకుంది. ఆదివారం మధ్యాహ్నాలు వంటింటి బల్ల మీద ఇద్దరూ కూర్చునేవారు. చిప్స్ బదులు పచ్చి శనగలు.

మొదటి ఆదివారం గంటసేపు ఆడాక శ్రావణి పేకలు కింద పెట్టి, ఒక్కసారన్నా ఎందుకు పడేయడం లేదని అడిగిందట. మధ్యలో వదిలేస్తే ఓడిపోయినట్టే కదా అన్నారట ఈవిడ. అప్పుడా పిల్ల అన్న మాట నేను ఇరవై రెండేళ్లలో ఎవరి నోటా వినలేదు.

"రమ్మీల డ్రాప్‌కు ఇరవై పాయింట్లు పడ్తయి ఆంటీ. ఈడ ఫ్రీ. ఫ్రీగ ఇస్తుంటే ఎందుకు తీసుకుంటలేరు మీరు?"

రాజ్యలక్ష్మి గారు లేచి ఇద్దరికీ కాఫీ పెట్టారట. ఆ రోజు నుంచి శ్రావణి ఒక రూలు పెట్టింది. పది ఆటల్లో ఎనిమిది పడేయాలి. ఆవిడకు చేతులు ఊరుకునేవి కావు. పడేసి కూర్చుంటే పిచ్చెక్కుతోందని, ఖాళీగా కూర్చుని ఏం చేయాలని విసుక్కున్నారు. శ్రావణి శనగలు సర్దుతూ, "ఆపరేషన్‌ల కత్తి మీ చేతిల ఉండదు గదా ఆంటీ. మరి మూడు గంటలు ఏం చూసేటోళ్లు మీరు?" అంది.

ఏం చూసేవారు? ఊపిరి చూసేవారు. ముప్ఫై ఏళ్లు ఆవిడ చేసిన పనే అది. మిషన్లు ఎన్ని ఉన్నా, మనిషి ఛాతీ ఎలా లేస్తోంది, ఎలా దిగుతోంది, ఎక్కడ పట్టుకుంది, ఎక్కడ తేలికైంది అని కళ్లతో చూసేవారు. కాసినో బల్ల దగ్గర మాత్రం రెండేళ్లుగా తన రెండు పేకలే చూసుకుంటూ కూర్చున్నారు. ఎదుటివాళ్లను చూడటానికి ఖాళీ ఉంటే కదా. ప్రతి ఆటలోనూ తనూ ఉండేవారు.

పిల్లలూ, కొత్తవాడు గెలవడం మొదలుపెట్టేది ఇక్కడే. గొప్ప పేకలు రావడం వల్ల కాదు. అందరికీ అవే పేకలు వస్తాయి, పంచినదాన్ని నేను చెబుతున్నాను. పడేయడం వచ్చినవాడికి డబ్బు మిగులుతుంది, అంతకంటే ముఖ్యంగా కళ్లు ఖాళీ అవుతాయి. అప్పుడు మనుషులు కనిపిస్తారు.

డిసెంబరు కల్లా నాకే తేడా తెలిసింది. ఆవిడ పేకలు చూసేవారు, పడేసేవారు, చీర కొంగు సర్దుకుని చుట్టూ చూసేవారు. పండగ సెలవులకు ముందు బుధవారం మొదటిసారి గెలిచి లేచారు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. పేకలు కలుపుతూ తల దించుకున్నాను.

ఫ్యామిలీ డే

ఆ రోజు హాలు కిటకిటలాడింది. టోర్నమెంట్లో అందరికీ సమానంగా చిప్స్ ఇస్తారు. అవి అయిపోతే లేచి వెళ్లిపోవాలి. కిరణ్ చూసేవాళ్ల కోసం కట్టిన తాడు అవతల కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కోటు లోపలి జేబులో మడతపెట్టిన కాగితం ఉందని నాకు తెలుసు. శ్రావణి షిఫ్ట్ మార్చుకుని వచ్చింది.

డోనా నన్ను పిలిచి, ఆఖరి ఆటలు నువ్వే పంచాలి అంది. నేను వద్దన్నాను. గ్యారీని అడిగానని, సూ అయితే సరే అన్నాడని చెప్పింది. నా జీవితంలో నాకు దక్కిన పెద్ద సర్టిఫికెట్ అదే. ప్రమోషన్ కాగితాలు ఎక్కడున్నాయో కూడా నాకు తెలియదు.

మొదటి గంట దాటింది, రెండో గంటా దాటింది. బల్లలు ఒక్కొక్కటే మూసేస్తున్నారు. నాలుగింటికి పది మంది మిగిలారు, ఐదుగురి చొప్పున రెండు బల్లలు. ఇంకొక్కరు పోతే ఆఖరి బల్ల. నేను వెళ్లి కూర్చున్న బల్లలో గ్యారీ ఉన్నాడు, ఆవిడా ఉన్నారు. కిరణ్ లేచి తాడు దగ్గర నిలబడ్డాడు.

నేను పంచాను. గ్యారీ పందెం పెంచాడు. రాజ్యలక్ష్మి గారు ఉన్నారు, మిగతా వాళ్లు పడేశారు. మధ్యలో మూడు పేకలు తెరిచాను. ఆసు, ఏడు, మూడు. గ్యారీ తన చిప్స్ మొత్తం ముందుకు నెట్టాడు. ఆయన దగ్గర ఆవిడకంటే ఎక్కువ ఉన్నాయి. ఆవిడ ఉండి ఓడితే ఆట అక్కడితో సరి. సంతకం పెట్టాలి.

ఆవిడ చేతిలో రెండు రాజులున్నాయని తర్వాత చెప్పారు. రెండు రాజులు పట్టుకుని పడేసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఆవిడ పేకల వైపు చూడలేదు. గ్యారీ చొక్కా రెండో గుండీ వైపు చూస్తున్నారు. నేనూ అటు చూశాను. ఆ గుండీ నెమ్మదిగా, హాయిగా, భోజనం చేసి కూర్చున్నవాడి పొట్ట కదిలినట్టు లేచి దిగుతోంది. నా నాలుక పళ్ల మధ్య కరుచుకుని కూర్చున్నాను. నిజంగానే కరుచుకున్నాను, ఆ మర్నాడు కూడా నొప్పి ఉంది.

ఆవిడ రెండు పేకలూ బోర్లించి నా వైపు తోసేశారు. చూపించలేదు. ఆ పాత రాజ్యలక్ష్మి గారైతే, చూడండి నేనెంత గొప్ప పేక పడేశానో అని తిరగేసి అందరికీ చూపించేవారు. గ్యారీ చిప్స్ తీసుకుంటూ, మర్యాదకు తన పేక ఒకటి తెరిచి చూపించాడు. ఆసు. మధ్యలో ఉన్న ఆసుతో జత, రాజుల జత కంటే పెద్దది. ఆ తర్వాత రెండు నిమిషాలకు పక్క బల్లలో ఒకాయన లేచి కోటు తొడుక్కున్నాడు. డోనా తొమ్మిది పేర్లు చదివింది. తాడు అవతల శ్రావణి రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. కిరణ్ కూర్చుండిపోయాడు.

పందెం ఆవిడ గెలిచేసినట్టే. అక్కడితో ఆపేసినా ఎవరూ ఏమీ అనరు. ఆవిడ ఆపలేదు. స్వెటర్ విప్పి కుర్చీకి వేసి, ఆఖరి బల్లలో మూడో కుర్చీలో కూర్చున్నారు. గంటన్నరలో ఏడుగురు లేచిపోయారు. గ్యారీ, రాజ్యలక్ష్మి గారు మిగిలారు.

ఆఖరి ఆటలో ఆవిడ దగ్గర ఆసు, ఎనిమిది. మధ్యలో ఐదు పేకలూ తెరిచాను. ఎనిమిది, జాకీ, నాలుగు, రెండు, రాణి. ఆవిడకున్నది ఎనిమిదుల జత ఒక్కటే. జాకీ ఉన్నా, రాణి ఉన్నా గ్యారీదే గెలుపు. గ్యారీ మళ్లీ మొత్తం నెట్టేశాడు. చేతులు మడిచి కూర్చున్నాడు. ముఖం రాయి. ఆ ముఖంలో ఏమీ దొరకదు. ఆయనకు ముప్ఫై ఏళ్ల అనుభవం. ఆవిడ ముఖం చూడలేదు, గుండీ చూశారు. అది కదలడం లేదు. నేను మనసులో అంకెలు లెక్కపెట్టాను. పది దాకా వచ్చాను, అయినా కదల్లేదు.

"కాల్" అన్నారు రాజ్యలక్ష్మి గారు, ఆ పందేనికి సరిపడా చిప్స్ ముందుకు నెడుతూ.

గ్యారీ గట్టిగా ఊపిరి వదిలి, పేకలు తెరిచాడు. రెండు ఇస్పేట్లు. మధ్యలో ఇంకో రెండున్నాయి, ఐదోది రాలేదు. చేతిలో జత కూడా లేదు. హాలంతా చప్పట్లు. గ్యారీ లేచి బల్ల చుట్టూ తిరిగి వచ్చి ఆవిడ చేయి పట్టుకుని ఊపాడు. నేను చిప్స్ మొత్తం ఆవిడ ముందుకు నెట్టి, లేచి, చేతులు దులిపి కెమెరాకు చూపించాను. అప్పుడు ఏడ్చాను. ముఖంలో ఏమీ ఉండకూడదన్న రూలు ఆ ఒక్క రోజు తప్పాను. డోనా చూసీ చూడనట్టు పక్కకు తిరిగింది.

కిరణ్ తాడు దాటి వచ్చాడు. జేబులోంచి ఆ కాగితం తీసి చింపబోయాడు. ఆవిడ చేయి పట్టుకుని ఆపారు.

"చింపకు. నువ్వన్నది తప్పు కాదు కిరణ్, నేను నిజంగానే ఓడిపోతుండేదాన్ని. ఇలా ఇవ్వు, నా దగ్గరుంచుకుంటాను. మళ్లీ అలా అయితే నేనే పెడతాను సంతకం. నువ్వు అడగక్కర్లేదు."

కిరణ్ "ఓకే, మామ్" అని కాగితం ఆవిడ చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని హ్యాండ్‌బ్యాగులో అద్దాల పెట్టె కింద పెట్టుకున్నారు. ముందు శ్రావణికి ఏదైనా తినిపించాలి, పొద్దున్నుంచి ఏమీ తినలేదు అన్నారు.

ఆ తర్వాతి బుధవారం

ఈ ఉద్యోగంలో నేను అందరికంటే ఎక్కువ సంతోషపడిన రోజు టోర్నమెంట్ రోజు కాదు. ఆ రోజు దీపాలు, చప్పట్లు, ఫోటోలు ఉన్నాయి. ఒక్కరోజు ఎవరైనా గెలుస్తారు. ఓడిపోయేవాడు గెలిచేవాడయ్యాడో లేదో మామూలు రోజున తెలుస్తుంది.

వారంలో మధ్య రోజు. బయట మంచు, లోపల చిన్న పందేల బల్ల, ఎనిమిది మంది. పంచుతున్నది నేనే. ఒంటిగంటకు రాజ్యలక్ష్మి గారు వచ్చారు. నీలం చీర, స్వెటర్, బూట్లు. తొమ్మిదో కుర్చీ ఖాళీగా ఉంది, లాక్కుని కూర్చున్నారు. నేను గుడ్ ఆఫ్టర్‌నూన్ అన్నాను. ఆవిడా గుడ్ ఆఫ్టర్‌నూన్ అన్నారు. మొదటి ఐదు ఆటలూ పేకలు చూసి పడేశారు. ఆరో ఆట పంచే ముందు బల్ల కాస్త నిశ్శబ్దమైంది. ఎవరూ జోకులు వేయడం లేదు. ఒకాయన చొక్కా గుండీలు కనపడకుండా జాకెట్ జిప్పు మెడ దాకా లాక్కున్నాడు.

గ్యారీ తన చిప్స్ వైపు చూసుకున్నాడు, ఆవిడ వైపు చూశాడు.

"డాక్, ఈ రోజు ఎంతసేపుంటారు?" అని అడిగాడు.

"ఐదింటి దాకా" అన్నారు ఆవిడ.

గ్యారీ తల ఊపి, చిప్స్ ట్రేలో సర్దుకుని, పక్క బల్లలో కుర్చీ ఏమైనా ఖాళీగా ఉందా సూ అని నన్నడిగాడు.